నాలుగెకరాల వెంచర్‌లో గ్రీన్ రూల్స్ పాటిస్తే గజం ధర నిజంగా ఎంత పెరుగుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మహబూబ్‌నగర్ అంచున మీ అన్నదమ్ములకు ఉమ్మడిగా నాలుగెకరాల చెల్క (తేలికపాటి ఎర్రనేల) ఉంది. లేఅవుట్ చేసి కొన్ని ప్లాట్లు అమ్మి, మిగిలినవాటిలో ఇళ్లు కట్టి అమ్మాలనుకుంటున్నారు. పది శాతం ఖాళీ జాగ, ఇంకుడు గుంతలు, చెట్లు, కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే స్లాబు పూత) అంటూ ఇన్ని రూల్స్ పాటిస్తే గజం ధర పెరిగి ఎవరూ కొనరని వెంచర్లు వేసేవాళ్లు మిమ్మల్ని భయపెడుతున్నారు. రోడ్లకు, మోరీలకే (మురుగు కాలువలకే) మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు కదా, ఈ ఖర్చు మేమెందుకు మోయాలి అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు. ధర పెరుగుతుంది. మీ నాలుగెకరాలకు నేను వేసిన లెక్కలో గజానికి 450 రూపాయల దాకా వస్తోంది. అందులో దాదాపు 350 పార్కుకు వదిలే భూమి విలువ. గుంతలు, చెట్లు రెండూ కలిపితే వంద రూపాయలు దాటవు. ఈ 450 మిగుల్చుకుంటే అంతకు మించిన ఖర్చు మోరీ రూపంలో, ట్యాంకర్ రూపంలో, క్రమబద్ధీకరణ ఫీజు రూపంలో తిరిగి వస్తుంది. కాకపోతే అది మీకు రాదు, మీ దగ్గర ప్లాటు కొన్నవాళ్లకు వస్తుంది. అందుకే వెంచర్ వేసి వెళ్లిపోయేవాళ్లకు రూల్స్ బరువుగా కనిపిస్తాయి. మీరు అక్కడే ఇళ్లు కట్టి, అదే ఊళ్లో ఉండేవాళ్లు కాబట్టి మీ లెక్క వేరు.

నేను నల్గొండలో ఉంటాను. సివిల్ ఇంజినీరుగా ఇరవై ఆరేళ్లయింది. మొదటి తొమ్మిదేళ్లు ఒక కాంట్రాక్టర్ దగ్గర మోరీలు, సీసీ రోడ్లు, పైపులైన్ల పనులు చేశాను. ఆ తర్వాత నుంచి సొంతంగా ప్లాన్లు, లేఅవుట్లు చేస్తున్నాను. రెండు వైపులా పని చేశాను కాబట్టి, వెంచర్‌లో మిగుల్చుకున్న రూపాయి తర్వాత మున్సిపాలిటీ పనిలో ఎంతవుతుందో దగ్గర నుంచి చూశాను.

లెక్క మొత్తం పెడుతున్నాను, మీ ధరలతో మార్చుకోండి. నాలుగెకరాలంటే 19,360 గజాలు. పది శాతం ఖాళీ జాగకు 1,936 గజాలు పోతాయి. రోడ్లకు సుమారు 30 శాతం అనుకుంటే 5,800 గజాలు. అమ్ముకోవడానికి మీకు మిగిలేది సుమారు 11,600 గజాలు, అంటే 200 గజాల ప్లాట్లు 58. ఎకరం కోటి రూపాయలు అనుకుందాం. పార్కుకు పోయిన భూమి విలువ 40 లక్షలు. దాన్ని 11,600 గజాల మీద వేస్తే గజానికి 345. లేఅవుట్ మొత్తానికి ఇరవై ఇంకుడు గుంతలు, ఒక్కోటి పాతిక వేలు అనుకుంటే 5 లక్షలు, గజానికి 43. నాలుగు వందల మొక్కలు, కంచె, రెండేళ్లు నీళ్లు పోసే మనిషి కూలీ కలిపి మొక్కకు 1,500 వేసుకోండి, 6 లక్షలు, గజానికి 52. అంతా కలిపితే 440. మీ దగ్గర భూమి ధర ఎక్కువుంటే మొదటి అంకె మాత్రమే పెరుగుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి.

ఇప్పుడు అవతలి లెక్క చూడండి. పార్కు వదలకుండా వేసిన లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్లు 2020లో ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే స్కీమ్) కింద లక్షల్లో దరఖాస్తు చేసుకున్నారు. వాళ్లు కట్టాల్సినవాటిలో క్రమబద్ధీకరణ ఛార్జీ ఒకటి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగ లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ అదనం. సర్కారు విలువ గజానికి 3,000 ఉన్నా ఆ ఒక్క ఛార్జీయే 420 రూపాయలు. అంటే మీరు పార్కు వదిలితే పడే 345 కన్నా ఎక్కువ. పైగా డబ్బు కట్టినా వాళ్ల కాలనీలోకి పార్కు రాదు కదా, అక్కడ ఖాళీ జాగే మిగల్లేదు. 2025లో 25 శాతం రాయితీ ఇచ్చినప్పుడు కూడా మా ఆఫీసుకు వచ్చిన వాళ్లలో సగం మంది మొహాల్లో ఒకటే బాధ: "మేము చేయని తప్పుకు మేమెందుకు కట్టాలి సార్?" నా దగ్గర జవాబు లేదు. ఇంకో మాట, ఆ స్కీమ్ 2020 ఆగస్టు 26 కన్నా ముందే కొన్ని ప్లాట్లైనా రిజిస్టరైన లేఅవుట్లకే. ఇప్పుడు కొత్తగా అనుమతి లేకుండా వేస్తే ఆ దారి కూడా లేదు. "వేసేద్దాం, తర్వాత ఎల్ఆర్ఎస్ చేయించుకుంటారు" అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

పార్కును అడుగు కిందికి పెట్టండి

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది ఇదే, ఎందుకంటే దీన్ని మన వైపు ఎవరూ చేయడం లేదు.

మీ నాలుగెకరాలు సుమారు 16,200 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటలో 50 మిల్లీమీటర్లు పడే గట్టి వాన మనకు కొత్త కాదు, ఆగస్టు, సెప్టెంబర్లలో చూస్తూనే ఉంటాం. అలాంటి వానలో మీ జాగ మీద పడేది 8 లక్షల లీటర్లు. అది చెల్కగా ఉన్నప్పుడు సుమారు 30 శాతం పారిపోతుంది, మిగతాది భూమి తాగుతుంది. రోడ్లు, స్లాబులు, బండలు పరిచిన ముంగిళ్లు వచ్చాక 70 శాతం పారుతుంది. అంటే ముందు 2.4 లక్షల లీటర్లు బయటికి పోయేచోట ఇప్పుడు 5.7 లక్షలు పోతాయి. తేడా 3.2 లక్షల లీటర్లకు పైనే. మీ కింది వాళ్ల పొలంలోకో, మున్సిపాలిటీ మోరీలోకో, రోడ్డు మీదికో మీరు కొత్తగా పంపే నీళ్లు ఇవి.

ఆ నీళ్లను మోరీతోనే తీయాలంటే మీ లేఅవుట్‌లో మోరీ ఒక్కటి పెద్దగా కడితే సరిపోదు. అక్కడి నుంచి నాలా దాకా దారంతా పెంచాలి, మధ్యలో ఉన్న ప్రతి కల్వర్టు పెంచాలి. మున్సిపాలిటీకి డబ్బు చాలదని మీరన్నది నిజం. చాలకపోవడానికి ఒక కారణం ఇదే. పైన ప్రతి వెంచర్ తన నీళ్లను కిందికి తోసేస్తుంది, కింద మోరీ కట్టే బాధ్యత అందరిదీ అవుతుంది.

ఇప్పుడు మీ పార్కు లెక్క చూడండి. 1,936 గజాలంటే సుమారు 1,620 చదరపు మీటర్లు. దాన్ని చుట్టూ ఉన్న రోడ్డు కన్నా అడుగు లోతుకు పెడితే పట్టే నీళ్లు దాదాపు 4.9 లక్షల లీటర్లు. మీరు కొత్తగా పుట్టించే 3.2 లక్షలూ అందులో పట్టి ఇంకా జాగ మిగులుతుంది. నడిచే దారికి, పిల్లల ఆట జాగకు కొంత ఎత్తు చేసుకున్నా సరిపోతుంది. అదనపు ఖర్చు ఏముంది? మట్టి తీసే జేసీబీ కూలీ. ఆ మట్టి ఎలాగూ రోడ్ల కింద పోయడానికి కావాలి, బయట నుంచి మొరం ట్రిప్పులు కొనే ఖర్చు కొంత తగ్గుతుంది.

మన దగ్గర జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. పార్కు అనగానే రెండడుగులు మట్టి పోసి ఎత్తు చేస్తారు, చుట్టూ గోడ కడతారు, గేటు పెడతారు. వాన పడితే పార్కులో నీళ్లే రోడ్డు మీదికి వస్తాయి. వెంచర్‌లో అందరికన్నా కింది మూల చూసి అక్కడ పార్కు పెట్టండి. కొనేవాళ్లు ఎలాగూ కింది మూల ప్లాటును ఇష్టపడరు, అది ఆఖరుకు మిగిలేదే. పార్కులోకి రోడ్డు నీళ్లు దిగడానికి నాలుగైదు చోట్ల కర్బు (రోడ్డు అంచు గట్టు) కోసి బండలు పరిచిన చిన్న దారులు ఇవ్వండి. ఇంకకుండా మిగిలిన నీళ్లు పోవడానికి ఒక పైపు అడుగున, ఒక పొర్లు దారి పైన పెట్టండి. నీళ్లు ఒకటి రెండు రోజుల్లో దిగిపోయేటట్టు చూసుకోవాలి, అంతకన్నా నిలిస్తే దోమలు పెరుగుతాయి. నేల నల్లరేగడి అయితే ఈ పని ఇంత సులువుగా కాదు, పార్కులో రెండు మూడు రీచార్జ్ బోర్లు (వాన నీళ్లను లోతుకు దించే బోర్లు) కావాలి. మీది చెల్క అన్నారు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

దీన్ని నేను ఇప్పటికి రెండు చోట్ల చేయించగలిగాను. రెండో చోట యజమాని మొదట ఒప్పుకోలేదు. "పార్కులో నీళ్లు నిలబడితే ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు వెనక్కి పోతారు" అన్నాడు. ఒక వాన తర్వాత రెండో రోజు పొద్దున అతన్ని అక్కడికి తీసుకెళ్లాను. గడ్డి తడిగా ఉంది, నీళ్లు లేవు. పక్క వెంచర్ రోడ్డు మీద ఇంకా మడుగులున్నాయి. ఆ తర్వాత అతనే వచ్చినవాళ్లకు చూపించి అమ్ముకున్నాడు.

ఇంకుడు గుంత: కాగితం మీద గీసినచోట కాదు, భూమి తాగేచోట

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. 2013లో నల్గొండలో ఒక చిన్న అపార్ట్‌మెంటుకు గుంత ఎక్కడ రావాలో డ్రాయింగ్‌లో నేనే గీశాను. ఐదడుగులు తవ్వేసరికి మేస్త్రీ ఫోన్ చేశాడు, "సార్, కింద పరుపు బండ తగిలింది" అని. అనుమతి డ్రాయింగ్‌లో అక్కడే ఉంది కదా, కంకర పోసి మూసేయమన్నాను. మొదటి వానలకే గుంత నిండింది, దసరా దాకా నీళ్లు దిగలేదు. దోమల బాధ పడలేక అందులో ఉండేవాళ్లు మట్టి పోసి పూడ్చేశారు. వాళ్లను తప్పుపట్టలేను. మరుసటి ఏడు అదే ఆవరణలో ఇంకో మూలన మొరం ఉన్నచోట నా ఖర్చుతో తవ్వించాను, అది ఈ రోజుకీ పని చేస్తోంది.

అప్పటి నుంచి ఒక పరీక్ష చేయకుండా గుంతకు చోటు చూపించను. అనుకున్నచోట మూడడుగులు తవ్వించండి. అడుగున మళ్లీ అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతుతో చిన్న గుంత తీయించండి. సాయంత్రం నీళ్లు నింపి వదిలేయండి, నేల నానాలి. పొద్దున్నే మళ్లీ నింపి, అంగుళాల గుర్తులు పెట్టిన కట్టె నిలబెట్టి గంట చూడండి. రెండంగుళాలు, అంతకన్నా ఎక్కువ దిగితే ఆ చోటు మంచిది. అర అంగుళం కూడా దిగకపోతే అక్కడ గుంత దండగ. పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు చెల్కల్లో నాలుగైదు అడుగుల మట్టి, ఆ కింద మొరం, ఆ తర్వాత బండ, ఇదే ఎక్కువగా చూశాను. కానీ ఇరవై అడుగులు జరిగితే కథ మారిపోతుంది, అందుకే రెండు మూడు చోట్ల చూడాలి. ఎక్కడా దిగకపోతే గుంత మధ్యలో ఆరంగుళాల బోరు వేసి, బండలోని పగుళ్లు తగిలేదాకా దించి, చిల్లుల కేసింగ్ పెట్టాలి. ఖర్చు రెండు మూడింతలవుతుంది, ఇరవై గుంతలకు బదులు అలాంటివి నాలుగు చాలు.

గుంత నింపే వరస చాలామంది తారుమారు చేస్తారు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద 40 మిల్లీమీటర్ల కంకర, ఆ పైన 20 మిల్లీమీటర్లది, అన్నింటికన్నా పైన దొడ్డు ఇసుక. బురద ఇసుక దగ్గరే ఆగిపోవాలి. ఏటా మే నెలాఖరులో పైనున్న ఆరంగుళాల ఇసుక తీసి, కడిగి లేదా మార్చి వేస్తే చాలు. ఇసుక వేయకపోతే రెండేళ్లలో కంకర సందులు పూడి గుంత చచ్చిపోతుంది.

ఇంటి లెక్క కూడా చూసుకోండి. 200 గజాల ప్లాటులో 110 చదరపు మీటర్ల స్లాబు ఉందనుకుందాం. పాలమూరులో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన. పోయింది పోగా 80 శాతం పట్టుకున్నా 52 వేల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పది. ఎండాకాలంలో ఒక ట్యాంకర్‌కు మీ కాలనీలో ఎంత ఇస్తున్నారో దానితో గుణించుకోండి.

నల్గొండ వాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటుంది: గుంత తీస్తే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గుతుందా? వాన నీళ్లలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు కాబట్టి బోరు దగ్గర ఇంకిస్తే పలచబడే అవకాశం ఉంది. అంతమాత్రాన ఆ నీళ్లు తాగొద్దు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే పనికిరాదు, ఆ సంగతి పరీక్ష చేస్తే తప్ప తెలియదు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.

కాలువలు, కుంటలు: ఇక్కడ ఖర్చు తగ్గించే దారి వెతకొద్దు

మిగతా అన్నింట్లో బేరం ఆడొచ్చు, ఇందులో కుదరదు. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకన్నా పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. పది మీటర్ల కన్నా వెడల్పున్న వాగు, కాలువ, నాలా అయితే 9 మీటర్లు, అంతకు లోపలిదైతే 2 మీటర్లు. మీ జాగ పక్కన రెండడుగుల కాలువ ఉన్నా, పదేళ్లుగా అందులో నీళ్లు పారకపోయినా, రెవెన్యూ నక్షా తీసి చూడండి. మనవి గొలుసుకట్టు చెరువులు. పై కుంట అలుగు పోస్తే ఆ నీళ్లు కింది కుంటకు పోవాలి. దారి మూసేస్తే ఆ నీళ్లు ఇళ్లలోంచి దారి చేసుకుంటాయి.

పాత నల్గొండ జిల్లాలోనే ఒక పట్టణం, పేరు రాయను. పై కుంట అలుగు కాలువ ఒక వెంచర్ మధ్యలోంచి పోయేది. మనిషి దాటి వెళ్లేంత చిన్నది. దాన్ని పూడ్చి దాని మీదుగా పన్నెండు ప్లాట్లు చేశారు. మూడేళ్లు వానలు తక్కువ పడ్డాయి, ఇళ్లు లేచాయి. నాలుగో ఏడు ఒక రాత్రి కుంట అలుగు పోసింది. నేను తెల్లారి వెళ్లేసరికి నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. ఒక ఇంట్లో మంచం మీద బియ్యం బస్తాలు, వాటి మీద టీవీ, దాని మీద పిల్లల పుస్తకాల సంచులు. ఆ ఇల్లాలు నన్ను మున్సిపాలిటీ మనిషి అనుకుని అడిగింది, "మేము పైసలిచ్చి కొన్నది ప్లాటా సార్, కాలువా?" తర్వాత ఆ నీళ్లు మళ్లించడానికి కాలనీ చుట్టూ తిప్పి కాంక్రీటు మోరీ కట్టాల్సి వచ్చింది. పాత కాలువ పోయిన దారికి మూడింతల పొడవు. ఆ డబ్బుతో ఆ వార్డులో రోడ్లన్నీ వేయొచ్చు. మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లు వచ్చిన వానలు మీకూ గుర్తుండే ఉంటాయి.

మిగతా రూల్స్ తొందరగా చెప్పేస్తాను

కూల్ రూఫ్: 2023 ఏప్రిల్‌లో వచ్చిన రాష్ట్ర పాలసీ ప్రకారం 600 గజాలు, ఆ పైన ఉన్న ఇళ్లకే నిర్బంధం. మీ 200 గజాల ఇళ్లకు ఇష్టం ఉంటేనే. అయినా వేయండి. చదరపు మీటరుకు సుమారు 300 రూపాయల లెక్కన 110 మీటర్ల స్లాబుకు 33 వేలు. అంత వద్దనుకుంటే సున్నం, ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించినా చాలావరకు పని చేస్తుంది, ఏటా వానల తర్వాత మళ్లీ వేయాలి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మామూలు స్లాబు మీద అరచెయ్యి ఆనించలేం. తెల్ల పూత వేసినదాని మీద ఆనించగలం. ఆ తేడా ఇంటి లోపల రాత్రి నిద్రలో తెలుస్తుంది.

ఎనర్జీ కన్జర్వేషన్ కోడ్ (భవనాల్లో కరెంటు ఆదా చేసే రూల్స్) అనే మాట విని కంగారు పడకండి. మన రాష్ట్రంలో అది 1,000 చదరపు మీటర్ల ప్లాటు, లేదా 2,000 చదరపు మీటర్ల కట్టడం దాటిన వాణిజ్య భవనాలకు. మీ ఇళ్లకు వర్తించదు. ఆ కోడ్ నిజంగా కావలసినచోట మాత్రం పట్టించుకునేవాళ్లు తక్కువ. నలభై ఐదు డిగ్రీల ఎండ కాసే మన ఊళ్లలో పడమటి వైపు మొత్తం అద్దాలు పెట్టి ఆసుపత్రులు కడుతున్నారు, లోపల పేషెంట్లు, బయట ఏసీల వరస. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గ్రీన్ బిల్డింగ్ రేటింగ్ సర్టిఫికెట్లు: 58 ప్లాట్ల వెంచర్‌కు ఇప్పుడే అవసరం లేదని నా అభిప్రాయం. వాటి ఫీజు, కన్సల్టెంట్ ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బు పార్కు లెవెల్స్ మీద, చెట్ల మీద పెట్టండి.

చెట్లు: తొందరగా పెరుగుతాయని కోనోకార్పస్ పెట్టించకండి, దాని వేర్లు పైపుల్లో దూరితే తీయలేక చస్తాం. వేప, కానుగ పెట్టండి. మోరీకి, పైపులైన్‌కు మధ్య చెట్టుకు నాలుగడుగుల మట్టి జాగ వదలండి, మొదలు చుట్టూ సీసీ పోయకండి. రోడ్డు వేసే మేస్త్రీ చెప్పినా వినకుండా పోసేస్తాడు, దగ్గరుండి చూసుకోవాలి.

సోలార్: ఇళ్లు కట్టి అమ్మేటప్పుడు ప్యానెళ్లు మీరు పెట్టొద్దు. 2024లో వచ్చిన సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది, అది ఆ ఇంటి కరెంటు కనెక్షన్ ఉన్నవాళ్లకు వస్తుంది. మీరు చేయాల్సింది స్లాబు మీద దక్షిణం వైపు నీడ పడకుండా ట్యాంకును ఉత్తరానికి జరపడం, మీటరు దాకా ఒక ఖాళీ పైపు వదలడం. రెండూ కట్టేటప్పుడైతే పెద్దగా ఖర్చు లేని పనులు.

ఇటుకలు, బండలు: ఫ్లై యాష్ ఇటుక మంచిదే, కానీ క్యూరింగ్ సరిగా కాని లోడు వస్తే గోడలు చిట్లుతాయి. రెండు ఇటుకలు రాత్రంతా నీళ్లలో వేసి పొద్దున గోటితో గీరి చూడండి. ముంగిట్లో టైల్స్ బదులు తాండూరు బండలు సందులు వదిలి పరిస్తే నీళ్లు దిగుతాయి.

రూల్స్ వైపు ఉన్న లోపం

అన్ని రూల్స్ నేను సమర్థించను. వంద గజాల్లో ఇల్లు కట్టుకునే మనిషిని, మీలాంటి వెంచర్‌ను ఒకే కొలతతో చూడకూడదు. 2020లో వచ్చిన బీపాస్ (భవన అనుమతుల) చట్టంలో 75 గజాల లోపు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు, చాలా మంచి పని. వంద, నూట పాతిక గజాల వాళ్లకు ఒక్కొక్కరికి గుంత అనే బదులు వీధి చివర పదిళ్లకు ఒకటి అంటే ఖర్చు తగ్గి, పని కూడా జరుగుతుంది. ఒకరికి 25 వేలయ్యేది పది మందికి కలిపి 60 వేలల్లో వస్తుంది. గుంతకు జాగలేని ఇంట్లో కాగితం కోసం తవ్విన గుంతలు ఎన్నో చూశాను, ఫోటో తీశాక సెప్టిక్ ట్యాంక్ మూత కింద కలిసిపోతాయి.

సెల్ఫ్ సర్టిఫికేషన్ (రూల్స్ పాటిస్తున్నామని మనమే సంతకం పెట్టి ఇవ్వడం) వల్ల అనుమతి తొందరగా వస్తుంది, నిజమే. కానీ మీరు సంతకం పెట్టిన మాట తప్పని తేలితే నోటీసు లేకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది. మీ ఇంజినీరు "అందరూ ఇలాగే పెడతారు" అంటే సంతకం పెట్టకండి.

మున్సిపాలిటీ వైపు కూడా ఒక మాట. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పెట్టాలి. మా దగ్గర అది ఎక్కువగా డివైడర్ మీద మొక్కలకు, ట్యాంకర్ నీళ్లకు పోతోంది. ఆ డబ్బులో కొంత కుంట కట్టలకు, నీళ్లు ఇంకే పార్కులకు పెడితే మోరీ ఖర్చు తగ్గుతుంది. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది, ఊరు ఇంకా విస్తరిస్తుంది. ఊరికి ఎంత దూరంగా వెంచర్ వేస్తే పైపు, కరెంటు స్తంభం, చెత్త బండి అంత దూరం పోవాలి, ఆ ఖర్చు ఏటా ఉంటుంది. మీ నాలుగెకరాలు ఇప్పటికే ఉన్న కాలనీకి ఆనుకుని ఉంటే మీ వెంచర్ సగం పచ్చగా ఉన్నట్టే.

పని వరస

డబ్బు ఒకేసారి లేదన్నారు కాబట్టి నేనైతే ఇలా చేస్తాను. మొదట సర్వేయర్‌తో లెవెల్స్ తీయించాలి, నక్షా మీద కాలువలు గుర్తించాలి. ఆ తర్వాతే ప్లాట్ల గీతలు. కింది మూలన పార్కు, దాని తవ్వకం, ఆ మట్టితో రోడ్ల కింది పని. మోరీలు రోడ్డు కన్నా ముందు. మొక్కలు మొదటి వానలకే పెట్టేయాలి, ఇళ్లు లేచేసరికి నీడ వస్తుంది. గుంతలు ఆఖరున, ఎందుకంటే పని జరుగుతున్నప్పుడు తవ్వితే సిమెంటు నీళ్లు దిగి పూడిపోతాయి. 15 శాతం ప్లాట్లు ఎలాగూ అధికారుల దగ్గర తనఖాలో ఉంటాయి, పనులు పూర్తయ్యాకే విడుదల. అందుకని రోడ్లు, మోరీల డబ్బును ప్లాట్లు అమ్మగా వచ్చే దాని మీద పెట్టుకోకుండా ముందే వేరుగా పక్కన పెట్టండి. అన్నదమ్ముల మధ్య మాట తేడా వచ్చేది సరిగ్గా అక్కడే, ఇది మూడు కుటుంబాల్లో చూశాను.

మీ జాగలో కింది మూల ఎటు వైపు ఉంది, దాని పక్కన కుంట గానీ కాలువ గానీ నక్షాలో ఉందా, మూడడుగులు తవ్వితే ఏం తగిలింది, ఈ మూడూ రాయండి. అవి తెలిస్తే పార్కు ఎంత లోతు పెట్టాలో, గుంతలా రీచార్జ్ బోర్లా, కచ్చితంగా చెప్పగలను.